మేడిపల్లి రైఫిల్‌లో లేని తుప్పు

ఈ మధ్య ఆయుధాగారంలో కొత్తగా పోస్టింగు వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లు కోరుట్లలో మా ఇంటికి వచ్చారు. చాయ్ తాగుతూ, "సార్, మీ సర్వీసుల ఎన్ని ఎదురుకాల్పులు జూసిన్రు?" అని అడిగారు. ఒక్కటీ చూడలేదని చెప్పాను. "మరి ఏం జేసిన్రు సార్ గిన్నేండ్లు?" అన్నాడు ఇద్దరిలో పొడుగ్గా ఉన్నవాడు. ఆ 'మరి' నాకు ఇంకా చెవిలో ఉంది. వాడికీ, వాడిలా అడగబోయే వాళ్లకూ జవాబుగా ఇది రాస్తున్నాను.

నా పేరు రాజేశం. పోలీసు ఆయుధాగారంలో ముప్పై ఒక్క ఏళ్లు ఆర్మరర్‌గా పనిచేశాను. ఏ ఊరి ఆయుధాగారమో రాయను. రాస్తే రిటైరైన వాడికి కూడా మెమో ఇవ్వగల సమర్థులు అక్కడ ఉన్నారు. ఆర్మరర్ అంటే తుపాకులు కాల్చేవాడు కాదు, వాటి బాగోగులు చూసేవాడు. నేను ఒక్క దొంగను పట్టుకోలేదు. ఎవరినీ తరమలేదు. మొత్తం సర్వీసులో నేను చేసింది ఇనుప గొట్టాల్లోకి చూడటం. ఇది తేలిక పని అనుకునేవాళ్లు ఒక గంట చూసి, ఆ తర్వాత నాతో మాట్లాడాలి.

ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో ఇక్కడ రాయను. నా సర్వీసు పుస్తకంలో ఉన్న ఒకే ఒక్క మచ్చ గురించి రాస్తాను. ఆ మచ్చ పేరు తుప్పు.

గోరు

బ్యారెల్ లోపల చూడటానికి మాకు నేర్పిన పద్ధతి చాలా పాతది. ముందుగా తూటా లేదని చూడాలి. కంటితో ఒకసారి, వేలితో ఒకసారి, మళ్లీ కంటితో ఒకసారి. తర్వాత గొట్టాన్ని వెనుక నుంచి మూసే బోల్టు పూర్తిగా ఊడదీసి బల్ల మీద పెట్టాలి. బోల్టు కళ్లెదుట లేకుండా ఏ గొట్టం మూతి దగ్గరా ముఖం పెట్టకూడదు. అప్పుడు ఒకరు గొట్టం వెనుక వైపు బొటనవేలు అడ్డం పెట్టి, గోరు మీద వెలుతురు పడేలా వంచాలి. గోరు చిన్న అద్దంలా పనిచేసి వెలుగును లోపలికి పంపుతుంది. రెండోవారు మూతి వైపు నుంచి చూడాలి. లోపల మెలిక తిరిగిన గాడులు మెరుస్తుంటే బాగున్నట్టు. మరకలుంటే తుప్పు. ఒక్కరే ఉన్నప్పుడు చెయ్యి అంత దూరం అందదు కాబట్టి, వెనుక తెల్లకాగితం ముక్క మడిచి పెట్టుకుని చూసుకోవాలి. నేను ఎక్కువగా అలాగే చూసుకునేవాణ్ని.

మాకు శిక్షణ ఇచ్చిన పెద్దాయనను అందరం ఉస్తాద్ అనేవాళ్లం. చెయ్యి చూపించమని ముందు గోళ్లు చూసేవాడు. "గోరు మంచిగుండాలె బిడ్డా. నీ గోరు ఖరాబైతే తుపాకి సుత ఖరాబు కనవడ్తది," అనేవాడు. తుపాకీ నూనె, కిరోసిన్ రోజంతా తగిలితే గోళ్లు పగిలి, పొరలు లేస్తాయి. నావి రెండేళ్లకే పుచ్చిపోయాయి. మందులు వాడాను, ఫలితం లేదు. చివరికి మా ఇంటావిడ భూలక్ష్మి దారికి తెచ్చింది. ఏటా ఆషాఢంలో ఆకు నూరి మా అమ్మాయి స్రవంతి చేతులకు పెట్టేటప్పుడు, నా బొటనవేళ్లకూ చెరో ముద్ద పెట్టేది. గోరింటాకు గోరును గట్టి చేస్తుంది. ఇది నిజం. కొత్తగా చేరేవాళ్లు మొహమాటపడకుండా పెట్టించుకోవచ్చు. కాకపోతే ఎప్పుడు పెట్టించుకోవాలో తర్వాత చెబుతాను.

వేలు తియ్యకు

పద్నాలుగేళ్ల కింద ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులున్న వాళ్లందరూ వాటిని ప్రభుత్వానికి అప్పగించాలి, అయ్యాక వెనక్కి తీసుకోవాలి. అప్పగింత తర్వాత అవి నా చేతిలో ఉంటాయి. ఆ సంవత్సరం వచ్చినవాటిలో దాదాపు అన్నీ రెండు గొట్టాల తుపాకులు. వాటిని మధ్యలో విరిచి ఆకాశం వైపు పెడితే లోపల కనిపిస్తుంది, గోరుతో పని లేదు. ఒకే ఒక్క రైఫిల్ ఉంది. అది మేడిపల్లి గోపాలరావు దొరది.

దొర అంటే వాళ్ల తాతల కాలం మాట. ఇప్పుడు ఆయనకు మామిడి తోట ఉంది, తోటలో అడవి పందులున్నాయి, పందుల కోసం లైసెన్సు ఉంది. అయినా ఆ రైఫిల్ గురించి మాట్లాడేటప్పుడు మాత్రం తాతల కాలం నాటి గొంతుతోనే మాట్లాడేవాడు. ఆ రైఫిల్‌తో వాళ్ల తాత పులిని కొట్టాడట.

తుపాకులు తిరిగి ఇచ్చే రోజు మైదానంలో బల్ల వేసి, తెల్లగుడ్డ పరిచి అన్నీ వరుసగా పెట్టాను. కొత్తగా వచ్చిన అధికారి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆయన పేరు కూడా రాయను, పెద్ద సారు అంటాను. ఏదో ఒకటి దొరక్కపోతే లేవకూడదని వచ్చినవాడిలా ఉన్నాడు. గోపాలరావు దొర వంతు వచ్చింది.

"సార్, గిది మా తాత పులిని కొట్టిన రైఫిల్. ఇచ్చినప్పుడు అద్దం లెక్క ఉండె. ఇప్పుడెట్లున్నదో మీరే సూడుండ్రి," అన్నాడు.

పెద్ద సారు లేచాడు. నేను బోల్టు తీసి బల్ల మీద పెట్టి, గొట్టం వెనుక బొటనవేలు పెట్టాను. ఆయన మూతి దగ్గర కన్ను పెట్టి చూశాడు.

"ఏంటయ్యా ఇది? ఎర్రగా తుప్పు పట్టిపోయింది!"

దొర ఆయన్ను దాదాపు పక్కకు నెట్టి చూశాడు. "అయ్యో! మొత్తం ఎర్రగైంది! మా తాత పానం బోయినట్టున్నది సార్ నాకు!"

హెడ్ క్లర్కు చూశాడు. "అవ్ సార్, ఎర్రగనే ఉంది," అన్నాడు. ఈ హెడ్ క్లర్కు అంతకు ముందు తుపాకీని దగ్గరగా చూసిన మనిషి కాదు. డ్రైవరు కూడా చూశాడు. కుండలో నీళ్లు పోయడానికి వచ్చినామె చూసి, "పాపం," అని వెళ్లిపోయింది.

"సార్, నేను ఒకసారి చూస్త," అన్నాను.

"నువ్వు చూసేదేముంది? మూడు నెలలు నీ దగ్గరే ఉందిగా. వేలు తియ్యకు, అలాగే పెట్టు. ఇన్‌స్పెక్టరు గారు కూడా చూడాలి."

ఇన్‌స్పెక్టరు గారు భోజనం చేసి వచ్చేదాకా నేను వేలు అలాగే పెట్టి నిలబడ్డాను. నా తప్పును చూడటానికి వచ్చిన ప్రతివాడికీ నేనే వెలుతురు పట్టాను. ఉద్యోగంలో ఇంతకంటే పెద్ద అవమానం ఎవరికైనా జరిగి ఉంటే నాకు ఉత్తరం రాయవచ్చు.

అందరూ చాయ్‌కి వెళ్లాక, ఒక్కడినే ఉండి, వెనుక తెల్లకాగితం పెట్టి చూశాను. బ్యారెల్ తళతళలాడుతోంది. ఎక్కడా చుక్క మరక లేదు. రైఫిల్ పట్టుకుని పరుగెత్తాను.

"సార్, ఒక్కసారి కాగితం పెట్టి చూడండి. మంచిగుంది సార్."

చాయ్ కప్పు కింద పెట్టకుండానే ఆయన అన్న మాట ఇది: "కాగితం పెడితే తెల్లగానే కనిపిస్తుంది. కాగితం తెల్లగా ఉంటుంది కదా."

నా సర్వీసులో నేను విన్న మాటల్లో ఇంతకంటే తెలివితక్కువ మాట లేదని పద్నాలుగేళ్లు అనుకున్నాను. రాసిన ప్రతి అర్జీలోనూ ఈ మాటను అచ్చంగా, ఆయన అన్నట్టే ఎత్తి రాశాను.

తుప్పు ఇంకా పెరగకుండా గ్రీజు నింపి ఇవ్వమని ఆర్డరు వేశారు. లేని తుప్పు ఎలా పెరుగుతుందని నేను అడగలేదు. కోపంతో మామూలుకంటే నాలుగింతలు గ్రీజు కూరి, మూతికి మైనం గుడ్డ చుట్టి దొర చేతిలో పెట్టాను. నెల తిరగకుండా శిక్షగా నా సర్వీసు పుస్తకంలో ఒక వాక్యం చేరింది: నిర్లక్ష్యం వల్ల బ్యారెల్ తుప్పు పట్టినది.

ఆ వాక్యంతో బతకడం

జీతం ఆగలేదు, ఊరు మారలేదు. అందుకే అందరూ 'ఇడ్సిపెట్టు' అన్నారు. ఒక వంటవాడి పుస్తకంలో 'నువ్వు చేసిన అన్నంలో పురుగులున్నాయి' అని రాసి, జీతం మాత్రం ఇస్తాం, విడిచిపెట్టు అంటే విడిచిపెడతాడా?

నేను పదిహేడు అర్జీలు పెట్టాను. అన్నింటికీ 'పరిశీలనలో ఉంది' అని జవాబు వచ్చింది. ఏం పరిశీలిస్తారు? రైఫిల్ మేడిపల్లిలో దొర బీరువాలో ఉంది. పోలీసులకిస్తే పాడుచేస్తారని ఆ తర్వాత ప్రతి ఎన్నికకూ ఆయన దాన్ని లైసెన్సున్న దుకాణంలో సంచి విప్పకుండా అప్పగించి, సంచి విప్పకుండా తెచ్చుకునేవాడు.

నాకు 'తుప్పు రాజేశం' అని పేరు పడింది. మొదట అన్నది స్టోర్సులో పనిచేసే సత్తయ్య. రెండో వాడి పేరు కూడా తెలుసు. సిరిసిల్లలో మా వియ్యంకుడికి సాంచాలు, అంటే మరమగ్గాలు, ఉన్నాయి. ఒక వర్షాకాలం సాంచాకు తుప్పు పడితే ఆయన నా వైపు చూశాడు. నా రిటైర్మెంటు సభలో శాలువా కప్పి, మైకులో "మన తుప్పు రాజేశం సారు" అన్నారు. ఆ సాయంత్రం మొత్తంలో చప్పట్లు గట్టిగా పడింది ఆ మాటకే.

కొత్తవాళ్లకు ఒక సంగతి నేరుగా చెబుతాను. మనం చేసిన పని బాగుంటే ఎవరూ చూడరు, గొట్టం లోపలి శుభ్రం బయటికి కనిపించదు. కనుక చూసేవాడు ఎవడో, ఎలా చూస్తున్నాడో మనమే పట్టించుకోవాలి. నేను పట్టించుకున్నాననే అనుకున్నాను.

నల్లపాము

రిటైరైన మరుసటి వారమే ఆన్‌లైన్‌లో బోర్‌స్కోప్ తెప్పించాను. సన్నని తీగ చివర గింజంత కెమెరా, దాని చుట్టూ చిన్న దీపాలు. ఫోనుకు తగిలిస్తే గొట్టం లోపల జరిగేదంతా తెర మీద కనిపిస్తుంది. ఎవరి గోరుతోనూ పని లేదు, ఎవరి కంటితోనూ పని లేదు. ఇది నా సర్వీసులో ఉంటే పెద్ద సారుకు అక్కడే చూపించేవాణ్ని.

"ఏందయ్యా గీ నల్లపాము?" అంది భూలక్ష్మి.

"నా పేరు కడిగే సామాను."

"ఐతె ముందుగాల సింకు పైపు కడుగు. వారం సంది నీళ్లు పోతలెవ్వు."

తుపాకీ ముట్టుకునే ముందు ఇంట్లో ఉన్న గొట్టాలన్నింటితో అలవాటు చేసుకున్నాను. మీరూ అలాగే చేయాలి. సైకిలు పంపు, కుక్కరు విజిలు, నల్లా పైపు, ఫ్యాను కడ్డీ. మొదటి పాఠం అక్కడే వచ్చింది: ఈ కెమెరా గోరంత గీతను గుట్టంత చేసి చూపిస్తుంది. మా నల్లా పైపు లోపల చూశాక నేను మూడు రోజులు నీళ్లు తాగలేకపోయాను. కొత్త బ్యారెల్‌లో కూడా తయారీ గీతలుంటాయి, తూటా రాగి అంటిన చారలుంటాయి. అవి చూసి గుండె ఆగినంత పని చేసుకుని, బంగారం లాంటి తుపాకీని పారేసుకునేవాళ్లున్నారు. ముందు చింది గుడ్డతో, అంటే కడ్డీకి చుట్టే పేలికతో, బ్యారెల్‌ను శుభ్రంగా తుడవాలి, తర్వాతే చూడాలి. తుడవకుండా చూస్తే మీరు చూసేది తుపాకీని కాదు, దాని మురికిని.

వాడకట్టు మొత్తానికి ఈ సంగతి తెలిసింది. పక్కింటి లచ్చవ్వ చెవి కమ్మ సింకులో పడితే, "రాజేశన్నా, నీ తుపాకి కన్ను జెర పట్కరా," అని పిలిచింది. కమ్మ దొరికింది. దాంతో పాటు ఎనిమిదేళ్ల కింద కోడలు తీసిందని తగువు పెట్టుకున్న ముక్కుపుల్ల కూడా దొరికింది. లచ్చవ్వ నాకు కృతజ్ఞత చెప్పలేదు. "కమ్మ సూడుమంటె అన్ని సూసుడేంది?" అంది. నాకు అది కూడా గుర్తుంది.

తర్వాత లైసెన్సున్న వాళ్లు పిలవడం మొదలుపెట్టారు. నా షరతులు రెండే. తుపాకీ నా ఇంటికి రాకూడదు, నేనే వాళ్ల ఇంటికి వెళతాను. చూడటమే నా పని, బాగుచేయడం లైసెన్సున్న దుకాణం వాళ్ల పని.

చందుర్తిలో ఒక రైతు ఇంట్లో నేనూ తప్పు చేశాను. పక్క గోడలు చూడటానికి కెమెరా చివర చిన్న అద్దం బిగిస్తారు. సరిగా బిగించలేదు. తీగ బయటికి వచ్చింది, అద్దం లోపల ఉండిపోయింది. నిజం చెప్పి, కడ్డీతో నెట్టి తీసేసరికి మధ్యాహ్నమైంది. తీగ లోపలికి పోయేటప్పుడు చివర ఏముందో, బయటికి వచ్చేటప్పుడు అది ఉందో లేదో చూడండి.

కోరుట్లలో ఒక బ్యాంకు గార్డు ఉన్నాడు, మల్లేశం. తుపాకీ పైన నూనె రాసి అద్దంలా మెరిపిస్తాడు. "లోపల సుత గిట్లనే ఉంటది సార్," అన్నాడు. మేనేజరు గదిలో, తూటాలు తీయించి, కెమెరా పెట్టాను. జానెడు పోయాక తెర మీద మట్టి గోడ కనిపించింది. కందిరీగ గూడు. గూడు పగిలిన చోట సాలెపురుగులు పేర్చి ఉన్నాయి, పిల్లల కోసం దాచిన తిండి. ఒకటి ఇంకా కాలు కదుపుతోంది.

మేనేజరు చాలాసేపు చూసి, "మన స్ట్రాంగ్ రూం కన్న గిదే సేఫ్ ఉన్నట్టుంది," అన్నాడు.

"నాలుగేండ్ల సంది ఒక్క దొంగ రాలే సార్," అన్నాడు మల్లేశం, అది తన ఘనత అన్నట్టు.

"రాలేదు కాబట్టే నువ్వు బతికున్నవు. గీ గొట్టంతోటి కాలిస్తే దొంగకు ఏం గాదు, నీ చెయ్యే పోతుండె," అన్నాను. అప్పుడు కూర్చున్నాడు. మూసుకుపోయిన గొట్టంలో తూటా పేలితే గొట్టం చీలుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే ఈ వ్యాసం మొత్తం మర్చిపోయినా ఫరవాలేదు.

ఇవన్నీ చేస్తున్నా, నేను ఆ సామాను కొన్నది ఒకే ఒక్క గొట్టం కోసం. అది మేడిపల్లిలో ఉంది.

మేడిపల్లి

గోపాలరావు దొరకు మూడుసార్లు ఫోన్ చేశాను. మొదటి రెండుసార్లు నా గొంతు విని పెట్టేశాడు. మూడోసారి ఒప్పుకున్నాడు, ఎందుకో తర్వాత తెలిసింది. పాడైన రైఫిల్ గురించి ఆయన కూడా పద్నాలుగేళ్లుగా అర్జీలు పెడుతున్నాడు. ఆయనకూ 'పరిశీలనలో ఉంది' అనే వచ్చింది. కెమెరాతో ఫొటో తీస్తే తుప్పు రుజువవుతుందని ఆయన ఆశ. తుప్పు లేదని రుజువవుతుందని నా ఆశ. మనుషులు ఇద్దరైనా, చూడవలసిన గొట్టం ఒకటే.

వాకిట్లోనే మాట అనుకున్నాం. తుప్పుంటే, నిర్లక్ష్యం నాదేనని నేను కాగితం రాసి ఇవ్వాలి. లేకపోతే, తుప్పు లేదని ఆయన రాసి సంతకం పెట్టాలి. ఆయన భార్య సుగుణమ్మ దొర్సాని సాక్షి. ఆ సంతకం నా పద్దెనిమిదో అర్జీకి జత చేస్తే, సర్వీసు పుస్తకంలో ఆ వాక్యం కొట్టేయక తప్పదు. ఆషాఢం కదా, స్రవంతి సిరిసిల్ల నుంచి వచ్చి ఉండటంతో ముందు రోజు ఇల్లంతా సందడి. నేను మాత్రం నిద్ర పట్టక పొద్దున మొదటి బస్సుకే బయలుదేరాను.

వరండాలో బల్ల మీద సంచి పెట్టాడు. పైన పద్నాలుగేళ్ల దుమ్ము. నేను చుట్టిన మైనం గుడ్డ నేను వేసిన ముడితోనే ఉంది.

"ఒక్కసారి సుత ఇప్పలేదా దొరా?"

"సచ్చినదాని మొకం మల్ల మల్ల సూస్తరా?" అన్నాడు.

తూటా లేదని మూడుసార్లు చూశాం. బోల్టు తీసి దొర్సాని చేతికి ఇచ్చాను. కడ్డీకి చింది గుడ్డ చుట్టి గ్రీజు లాగాను. మొదటిది పసుపుపచ్చగా వచ్చింది, నాలుగోదానికి లేత పడింది. ఎనిమిదో గుడ్డ మల్లెపువ్వులా తెల్లగా వచ్చింది. తుప్పుంటే గుడ్డ చెబుతుంది. తర్వాత తీగ లోపలికి పంపాను.

తెర మీద గాడులు కనిపించాయి. సాంచా మీద నూలు పోగుల్లా వరుసగా, అంచు అరగకుండా, మెలిక తిరుగుతూ లోపలికి పోతున్నాయి. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క మచ్చ లేదు. తూటా కూర్చునే చోటు కూడా కొత్తదానిలా ఉంది. ఎక్కువసార్లు కాల్చిన గొట్టం అలా ఉండదు. ఆ పులి ఎంత నిజమో నాకు అప్పుడే అర్థమైంది. నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు.

"సూడుండ్రి దొరా. ఏడున్నది తుప్పు?"

ఆయన ఫోను వైపు అనుమానంగా చూశాడు. "ఫోన్ల ఏదన్న సూపెట్టచ్చు. మా మనుమరాలు నాకు ఫోన్ల కుక్క చెవులు పెడ్తది. గవి నాకున్నయా?"

"ఇది గా ఫోను కాదు దొరా, కెమెరా..."

"నాడు నా కండ్లతోటి జూసిన. ఇప్పుడు సుత నా కండ్లతోటే సూస్త. నాడెట్ల సూపెట్టినవో గట్లనే సూపెట్టు."

నాకు అభ్యంతరం ఎందుకు? తీగ బయటికి లాగి, గొట్టం వెనుక బొటనవేలు పెట్టి గోరు వంచాను. ఆయన కళ్లజోడు తీసి మూతి దగ్గర వంగాడు.

"ఎర్రగున్నది," అన్నాడు. తర్వాత అరిచాడు: "అప్పటి లెక్కనే ఉన్నది! సుగుణా, ఇటు రా, జెర సూడు!"

దొర్సాని బోల్టు పట్టుకునే వచ్చి చూసింది. "అవునుల్లా, ఎర్రగనే ఉన్నది," అంది.

నాకు ఒళ్లు మండింది. ఆ రోజు మైదానంలో ఉన్నట్టే ఉంది. "అట్ల గాదు. నేను జూస్త. మీరు రాండ్రి, మీరు పెట్టుండ్రి వేలు," అన్నాను. దొర వెనక్కి వచ్చి వేలు పెట్టాడు. నేను మూతి వైపు వెళ్లాను. ఇన్నేళ్లలో నేను ఆ వైపు నిలబడి, ఇంకొకరి గోరు వెలుతురులో ఆ బ్యారెల్ చూడటం అదే మొదలు.

తెల్లగా ఉంది. పాలలా ఉంది.

"ఏం కనవడ్తుంది?" అన్నాడు దొర.

నేను తల ఎత్తాను. చేతులు గుడ్డకు తుడుచుకుంటున్నాను. అప్పుడు దొర్సాని నా చెయ్యి చూసి, మర్యాదకు అడిగినట్టు అడిగింది.

"గోరింటాకు ఎవలు పెట్టిండ్రు రాజేశం? మంచిగ పండిందుల్లా."

నా బొటనవేలు చూసుకున్నాను. ముందు రోజు భూలక్ష్మి, స్రవంతికి పెట్టి, మిగిలింది నాకు పెట్టింది. ఎప్పుడూ పెట్టినట్టే. అది ఆషాఢం. ఆ ఎన్నికల తర్వాత తుపాకులు తిరిగి ఇచ్చింది కూడా ఆషాఢంలోనే. స్రవంతి అప్పుడు నాలుగో తరగతి.

గోరు ఖరాబైతే తుపాకీ కూడా ఖరాబు కనిపిస్తుందని ఉస్తాద్ చెప్పాడు. ఆ మాట విని, గోరు ఖరాబు కాకూడదనే నేను గోరింటాకు పెట్టించుకున్నాను. కాగితం పెడితే తెల్లగానే కనిపిస్తుంది, కాగితం తెల్లగా ఉంటుంది కదా అని పెద్ద సారు అన్నాడు. పదిహేడు అర్జీల్లో నేను నవ్వుతూ ఎత్తి రాసిన మాట అది.

దొర నా వేలు పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూశాడు. ఆయనకూ అర్థమైంది.

"అంటె... గీ పద్నాలుగేండ్లు నేను నీ బొటనేలు జూసి ఏడ్సిన్నా?"

"అవును దొరా."

"పందులు నా తోట మొత్తం తిన్నయి కదయ్యా! రైఫిల్ సచ్చిందని నేను పటాకులు కాల్సుకుంట తిరిగిన. పటాకులకు పందులు అలవాటు పడ్డయి. పేల్తె ఇంకా దగ్గరికొస్తున్నయి."

"అన్నం టయానికి గంట కొట్టినట్టు," అంది దొర్సాని.

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. దొర నవ్వలేదు, నేనూ నవ్వలేదు. మేమిద్దరం చెరో పద్నాలుగేళ్లు పెట్టిన వాళ్లం, ఆమె ఒక్క పూట చూసింది.

మాట ప్రకారం ఆయన కాగితం తీసుకున్నాడు. 'నా రైఫిల్ బ్యారెల్‌లో తుప్పు లేదు, ఎన్నడూ లేదు,' అని రాశాడు. నేను చెయ్యి చాచాను. ఆయన కలం ఎత్తకుండా ఇంకో వాక్యం రాశాడు: 'ఆనాడు కనిపించిన ఎరుపు ఆర్మరర్ బొటనవేలి గోరింటాకుది.'

"గది అవసరమా దొరా?"

"నిజం రాయాలె కదా?"

పులి సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. గాడులు ఎంత కొత్తగా ఉన్నాయో తెర మీద తీసిన ఫొటోలో ఇంకా కనిపిస్తూనే ఉంది. నేను తీగ చుట్టి పెట్టెలో పెట్టుకున్నాను. గొట్టంలో చూసింది గొట్టం యజమానికి అడగకుండా చెప్పకూడదు, అది నా పని పద్ధతి. రైఫిల్‌కు పలచగా నూనె పట్టించి ఇచ్చాను. ఆయన దాన్ని తీసుకున్న తీరు చూస్తే, ఎవరో తప్పిపోయి తిరిగొచ్చినట్టుంది.

అర్జీ

ఇంటికి రాగానే భూలక్ష్మి అడిగింది. "పెట్టిండా సంతకం?"

"పెట్టిండు."

కాగితం తీసుకుని చదివింది. రెండో వాక్యం రెండుసార్లు చదివింది.

"అంటె గిదంత నా గోరింటాకుతోటైందా?"

"కాదు. పెట్టింది నువ్వు. చూసుకోవలసింది నేను."

కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "ఇగ ఇడ్సిపెడ్తవా మరి? అర్జీలు?"

చాలామంది ఇక్కడ విడిచిపెడతారు. పెద్ద సారు చూసింది నిజమే, క్లర్కు చూసింది నిజమే, డ్రైవరు, నీళ్లామె చూసిందీ నిజమే. వాళ్ల మీద నాకున్న కోపంలో సగం తీసేశాను. మిగతా సగం ఉంది. కాగితం తెల్లగా ఉంటుంది కదా అన్నంత తెలివి ఉన్నవాడు, వెనుక ఉన్న వేలు ఏ రంగులో ఉందో ఎందుకు చూడలేదు? నేను చూడకపోవడం తప్పే. కానీ నాకు ఆ వైపు నుంచి చూసే అవకాశం ఇవ్వలేదు. 'వేలు తియ్యకు' అన్నది ఆయనే. సత్తయ్య సంగతి వేరే, అతనికి ఏమీ తగ్గించలేదు.

కొత్తవాళ్లకు ఇక చెప్పేది ఒక్కటే. గొట్టంలో ఏదైనా కనిపిస్తే, అది గొట్టంలో ఉందా, వెలుతురు పట్టిన చోట ఉందా అని చూడండి. వేలు మార్చి చూడండి, మనిషిని మార్చి చూడండి. మీరు వేలు పెట్టినవారైతే, అవతలి వైపుకు వెళ్లి చూస్తానని పట్టుబట్టండి. మెమో ఇచ్చినా సరే వెళ్లండి. గోరింటాకు తనిఖీలు అయ్యాక పెట్టించుకోండి.

ఆ సాయంత్రమే కూర్చుని పద్దెనిమిదో అర్జీ రాశాను. దొర కాగితం జత చేశాను, రెండు వాక్యాలతో సహా. రెండోది చింపేయమని మా అల్లుడు ఫోనులో సలహా ఇచ్చాడు. అర్జీలో నేను కోరింది ఇది:

'నాకు విధించిన శిక్షను రద్దు చేయమని కోరడం లేదు. అది యథాతథంగా ఉంచవచ్చును. నేను నా వేలు చూసుకొనలేదు, కనుక నిర్లక్ష్యం అను మాట కూడా ఉంచవచ్చును. కానీ నా చేతిలో ఉన్న ఏ ఆయుధానికీ ముప్పై ఒక్క సంవత్సరాలలో తుప్పు పట్టలేదు. కావున నా సర్వీసు పుస్తకంలో తుప్పు అను మాట కొట్టివేసి, ఆ స్థానంలో గోరింటాకు అని రాయవలసిందిగా ప్రార్థన.'